జాన్ హారిసన్

జాన్ హారిసన్ (1693 మార్చి 24 – 1776 మార్చి 24) ఇంగ్లాండు దేశానికి చెందిన వడ్రంగి, గడియారాల నిర్మాత. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉన్నదో తెలుసుకోవడానికి పనికివచ్చే నమ్మకమైన గడియారాన్ని మొట్టమొదట తయారుచేసినవాడిగా ఇతడు చరిత్రలో ప్రసిద్ధి చెందాడు. ఈ ప్రయత్నంలో భాగంగానే యంత్రభాగాల మధ్య రాపిడిని తగ్గించే అనేక సాధనాలను కూడా ఇతడు కనిపెట్టాడు. వానిలో ముఖ్యమైనది పంజరంలో అమర్చిన రోలర్ బేరింగు. నేడు సైకిలు చక్రం మొదలుకొని విద్యార్థులు ఇంటివద్ద తయారుచేసుకొనే రోబో చేతి కీలు వరకు వాడుతున్న బాల్ బేరింగులలో చాలావరకు ఈ పంజరపు పద్ధతి మీదనే పనిచేస్తున్నాయి. రేఖాంశ బహుమతి కోసం హారిసన్ జరిపిన నలభై ఏళ్ళ పోరాటం గురించి చాలామందికి తెలుసు. ఆ పోరాటం వెనుక రాపిడితోను, కందెన నూనెతోను ఇతడు జీవితకాలమంతా సాగించిన మరొక పోరాటం ఉన్నది.

బాల్యము, విద్య

హారిసన్ ఇంగ్లాండు ఉత్తర భాగంలోని యార్క్‌షైర్‌లో, వేక్‌ఫీల్డ్ పట్టణానికి దగ్గరలో ఉన్న ఫౌల్బీ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి హెన్రీ హారిసన్ వడ్రంగి. ఆయన దగ్గరలోని నోస్టెల్ ప్రయరీ అనే జమీందారీ ఎస్టేటులో పని చేసేవాడు. ఐదుగురు సంతానంలో జాన్ పెద్దవాడు. 1700 ప్రాంతంలో ఈ కుటుంబం లింకన్‌షైర్‌లోని బారో అపాన్ హంబర్ గ్రామానికి తరలి వెళ్ళింది. హారిసన్ పెరిగి పెద్దవాడయినది, తొలి గడియారాలు చేసినది అక్కడే.

ఇతనికి చెప్పుకోదగిన పాఠశాల చదువు లేదు. తండ్రి వద్ద వడ్రంగం నేర్చుకున్నాడు. సంగీతంపై మక్కువతో ఊరి చర్చిలో గాయక బృందానికి శిక్షణ ఇచ్చేవాడు. ఒక మతాచార్యుడు కేంబ్రిడ్జి ఆచార్యుడు నికొలాస్ సాండర్సన్ ప్రకృతి శాస్త్రంపై ఇచ్చిన ఉపన్యాసాల వ్రాతప్రతిని ఇతనికి చదువుకోవడానికి ఇచ్చాడు. హారిసన్ దానిని మొత్తం తన చేతితో నకలు వ్రాసుకొని, పటాలతో సహా అభ్యసించాడు. ఆరవ యేట మశూచి సోకి మంచాన పడినప్పుడు కాలక్షేపానికి ఒక గడియారాన్ని ఇతని తలగడపై పెట్టారనే కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. దానిని కథగానే తీసుకొనవలెను.

కొయ్య గడియారాలు

1713లో, ఇరవై ఏళ్ళ వయసులో, హారిసన్ తన మొదటి పెద్ద గడియారాన్ని పూర్తిచేశాడు. ఇది నిలువు పెట్టెలో లోలకం ఊగే రకానికి చెందినది. దీనిలోని పళ్ళచక్రాలు కూడా కొయ్యతో చేసినవే. చక్రానికి ఓకు కర్రను ముక్కలుగా కోసి, ప్రతి పంటి వెంట కర్ర పీచు బయటి వైపుకు సాగేటట్లు అతికేవాడు. పీచు అడ్డముగా ఉంటే పన్ను విరిగిపోతుంది. ఇది వడ్రంగికి తెలిసిన విషయమే గాని, గడియారాల పనివారికి తట్టే ఆలోచన కాదు. 1715లోను, 1717లోను ఇటువంటివే మరి రెండు చేశాడు. ఈ మూడు గడియారాలు నేటికీ ఉన్నాయి.

1718లో హారిసన్ ఎలిజబెత్ బారెల్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు కలిగాడు. 1726లో ఆమె మరణించగా, అదే సంవత్సరం ఎలిజబెత్ స్కాట్‌ను పెండ్లాడాడు. ఈ రెండవ భార్యకు కలిగిన కుమారుడు విలియం తరువాతి కాలంలో తండ్రికి కుడిభుజంగా నిలిచాడు.

నూనె అక్కరలేని గడియారం

1722 ప్రాంతంలో బ్రాకిల్స్‌బీ పార్క్ అనే ఎస్టేటు యజమాని చార్లెస్ పెల్హమ్ తన గుర్రపుశాల మీది గోపురానికి ఒక గడియారం చేయమని హారిసన్‌ను కోరాడు. రాపిడి, కందెన గురించిన ఇతని ఆలోచన ఈ పనిలోనే పక్వానికి వచ్చింది.

ఎడ్లబండి ఇరుసుకు కందెన రాయనిదే బండి సాగదని మన రైతులందరికీ తెలుసు. గడియారపు ఇరుసులకు కూడా అంతే. అయితే ఆనాటి నూనెలు జంతువుల కొవ్వు నుండి, గింజల నుండి తీసినవి. అవి చలికి గడ్డకట్టేవి, వేడికి పలచబడేవి, కొన్ని నెలలకు జిగురుగా మారేవి. నూనె చిక్కబడితే గడియారం నెమ్మదిస్తుంది, పలచబడితే వేగం మారుతుంది. గడియారం తప్పు చెప్పడానికి పెద్ద కారణాలలో నూనె ఒకటని హారిసన్ గుర్తించాడు. మంచి నూనె కోసం వెదకడం అందరూ చేసే పని. నూనె అవసరమే లేకుండా చేయడం హారిసన్ ఎంచుకున్న మార్గం.

ఇందుకు లిగ్నం వైటే అనే చెట్టు కర్ర ఇతనికి ఉపయోగపడింది. వెస్ట్ ఇండీస్ దీవులలోను, మధ్య అమెరికాలోను పెరిగే ఈ చెట్టు కలప చాలా గట్టిది, నీటిలో మునిగేటంత బరువైనది. దానిలో సహజంగానే జిడ్డు ఉంటుంది. ఇరుసులు తిరిగే చోట్ల ఈ కర్రతో చేసిన భాగాలను అమర్చాడు. తుప్పు పట్టే ఉక్కుకు బదులు వీలైన చోటల్లా ఇత్తడిని వాడాడు. బ్రాకిల్స్‌బీ గోపుర గడియారం మూడు శతాబ్దాల తరువాత కూడా నడుస్తూనే ఉన్నది.

ఆ తరువాత 1725 – 1728 మధ్య హారిసన్ తన తమ్ముడు జేమ్స్‌తో కలిసి మరింత ఖచ్చితమైన గడియారాలను నిర్మించాడు. వీనిలో రెండు ముఖ్యమైన నూతన కల్పనలు ఉన్నాయి. మొదటిది గ్రిడైరన్ లోలకం. లోహపు కడ్డీ ఎండకు సాగుతుంది, చలికి కుదించుకుపోతుంది. లోలకం పొడవు మారితే కాలం మారుతుంది. ఇత్తడి, ఉక్కు కడ్డీలను ప్రక్కప్రక్కన అమర్చి, ఒకదాని సాగుదలను మరొకటి రద్దుచేసేటట్లు ఇతడు లోలకాన్ని రూపొందించాడు. రెండవది మిడత ఎస్కేప్‌మెంట్. గడియారంలో చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున వదిలే భాగాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. మామూలు రకాలలో పంటిపై ఆ భాగం జారుతుంది గనుక నూనె తప్పదు. హారిసన్ చేసినది జారదు. మిడత కాలు వలె పంటిని తాకి, తోపు అందుకొని, ఎగిరి ప్రక్కకు తప్పుకుంటుంది. ఈ గడియారాలు నెలకు ఒక సెకను మాత్రమే తేడా చూపినవని హారిసన్ నమోదు చేశాడు. ఆనాటి లండన్‌లో ప్రసిద్ధులు చేసిన గడియారాలలో కూడా ఇంతటి ఖచ్చితత్వం అరుదు.

రేఖాంశ సమస్య

సముద్రంలో అక్షాంశం తెలుసుకోవడం కష్టం కాదు. మధ్యాహ్న సూర్యుని ఎత్తునో, ధ్రువ నక్షత్రపు ఎత్తునో కొలిస్తే చాలు. రేఖాంశం అట్లా తెలియదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది, అనగా గంటకు 15 డిగ్రీలు. ఓడ ఉన్నచోట మధ్యాహ్నం అయినప్పుడు బయలుదేరిన రేవులో సమయమెంతో తెలిస్తే, ఆ రెండింటి తేడా నుండి రేఖాంశాన్ని లెక్కకట్టవచ్చును. నాలుగు నిమిషాల తేడా ఒక డిగ్రీతో సమానం. ఇందుకు కావలసినది రేవులోని సమయాన్ని నెలల తరబడి తప్పకుండా చూపే గడియారం. ఊగే ఓడలో లోలకం పనిచేయదు. ఎండ, చలి, తేమ, ఉప్పుగాలి మిగిలిన భాగాలను చెడగొడతాయి. ఈ కారణాలనే చూపి, అటువంటి గడియారం ఇంకా తయారు కాలేదని 1714లో ఐజాక్ న్యూటన్ పార్లమెంటు సంఘానికి తెలిపాడు.

1707 అక్టోబరు 22 రాత్రి అడ్మిరల్ క్లౌడ్స్‌లీ షోవెల్ నాయకత్వంలోని నౌకాదళం ఇంగ్లాండుకు నైరుతి దిశలో ఉన్న సిల్లీ దీవుల రాళ్ళకు గుద్దుకున్నది. నాలుగు నౌకలు మునిగి, వందలాది నావికులు అడ్మిరల్‌తో సహా మరణించారు. ఈ ప్రమాదంతో ఓడ ఉన్నచోటును సరిగా తెలుసుకోవలసిన అవసరం దేశమంతటికీ తెలిసివచ్చింది. 1714లో పార్లమెంటు రేఖాంశ చట్టం చేసింది. వెస్ట్ ఇండీస్ వరకు సాగే ప్రయాణంలో రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో కనుగొనే పద్ధతికి 20,000 పౌండ్లు, 40 కళల లోపు అయితే 15,000 పౌండ్లు, ఒక డిగ్రీ లోపు అయితే 10,000 పౌండ్లు బహుమతిగా ప్రకటించింది. అర డిగ్రీ అంటే కాలంలో రెండు నిమిషాలు. ఆరు వారాల ప్రయాణానికి గడియారంలో రోజుకు మూడు సెకన్ల కంటె తక్కువ తేడా ఉండాలన్నమాట.

మొదటి సముద్ర గడియారం

1730లో హారిసన్ తన నమూనా చిత్రాలతో లండన్ వెళ్ళి, రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీని కలిశాడు. హేలీ ఇతనిని ప్రసిద్ధ గడియారాల నిర్మాత జార్జి గ్రాహమ్ వద్దకు పంపాడు. పల్లెటూరి వడ్రంగి చేతిలోని పనితనాన్ని గ్రాహమ్ గుర్తించి, స్వయంగా డబ్బు అప్పు ఇచ్చి ప్రోత్సహించాడు. హారిసన్ ఊరికి తిరిగివచ్చి ఐదేళ్ళు శ్రమించి 1735 నాటికి తన మొదటి సముద్ర గడియారాన్ని పూర్తిచేశాడు. దీనిని ఇప్పుడు హెచ్-1 అని పిలుస్తారు.

ఇది సుమారు 34 కిలోల బరువు గలది. లోలకానికి బదులు రెండు బరువైన దండాలు ఎదురెదురుగా ఊగుతాయి. ఓడ ఊపు ఒకదానిని త్వరపెడితే రెండవదానిని ఆపుతుంది కాబట్టి మొత్తం మీద తేడా రాదని హారిసన్ ఆలోచన. దండాల ఇరుసులను రంధ్రాలలో పెట్టలేదు. ప్రతి ఇరుసు పెద్ద చక్రపు భాగాల అంచులపై ఆని ఉంటుంది. ఇరుసు కదిలితే ఆ చక్రభాగాలు కూడా దానితోపాటు కదులుతాయి. అందువలన ఇరుసు దేనిమీదా జారదు, దొర్లుతుంది. చక్రభాగం పెద్దది గనుక దాని సొంత ఇరుసు బహు కొద్దిగానే తిరుగుతుంది, రాపిడి కూడా ఆ మేరకు తగ్గుతుంది. వీనిని రాపిడి తగ్గించే చక్రాలు అంటారు. ఈ గడియారానికి నూనె అక్కరలేదు.

1736లో హెచ్-1 ను సెంచూరియన్ నౌకలో పోర్చుగల్‌లోని లిస్బన్‌కు తీసుకువెళ్ళారు. తిరుగు ప్రయాణం ఓర్ఫర్డ్ నౌకలో జరిగింది. ఇంగ్లాండు తీరం కనబడినప్పుడు అది స్టార్ట్ అనే అగ్రమని ఓడవారు భావించారు. అది లిజార్డ్ అగ్రమని హారిసన్ తన గడియారాన్ని బట్టి చెప్పాడు. ఇతని మాటే నిజమయింది. ఓడవారి లెక్క సుమారు 60 మైళ్ళు తప్పు. 1737 జూన్ 30న రేఖాంశ బోర్డు సమావేశమయ్యింది. హారిసన్ అక్కడ బహుమతి పరీక్ష కోరి ఉండవచ్చును. కాని తన గడియారంలోని లోపాలను తానే ఎత్తిచూపి, ఇంకా మంచిది చేయడానికి గడువును, 500 పౌండ్ల సాయాన్ని మాత్రమే అడిగాడు.

పంతొమ్మిదేళ్ళ శ్రమ

రెండవ గడియారం హెచ్-2 1739 నాటికి సిద్ధమైనది. కాని దానిని సముద్రంలో పరీక్షించలేదు. స్పెయిన్‌తో యుద్ధం వచ్చినందున గడియారం శత్రువుల చేతిలో పడరాదని భావించారు. ఈలోగా హారిసనే దానిలో ఒక లోపం కనిపెట్టాడు. ఓడ ప్రక్కకు మళ్ళేటప్పుడు దండాల ఊపు మారుతున్నది. దండాలకు బదులు గుండ్రని చక్రాలు ఉండాలని నిశ్చయించి, 1740లో మూడవ గడియారాన్ని మొదలుపెట్టాడు. హెచ్-3 కోసం ఇతడు పంతొమ్మిది సంవత్సరాలు వెచ్చించాడు. దీనిలో 753 భాగాలు ఉన్నాయి. 1749లో రాయల్ సొసైటీ ఇతనికి కోప్లీ పతకాన్ని ప్రదానం చేసింది. అయినా హెచ్-3 అనుకున్న ఖచ్చితత్వానికి చేరలేదు.

గమ్యం చేరని ఈ యంత్రమే ప్రపంచానికి రెండు గొప్ప వస్తువులను ఇచ్చింది. ఒకటి ద్విలోహ పట్టీ. ఇత్తడి, ఉక్కు రేకులను కలిపి బిగించిన ఈ పట్టీ వేడిని బట్టి వంగుతుంది. ఇస్త్రీ పెట్టెలలో వేడిని అదుపు చేసే సాధనం ఇటువంటిదే. రెండవది పంజరపు బేరింగు.

పంజరపు బేరింగు

బరువైన వస్తువు క్రింద దుంగలు వేసి దొర్లించడం మనుష్యులకు అతి ప్రాచీన కాలం నుండి తెలుసు. తిరిగే ఇరుసు చుట్టూ చిన్న రోలర్లు పేర్చితే అదే లాభం కలుగుతుంది. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఇరుసు తిరిగినప్పుడు రోలర్లన్నీ ఒకే దిశలో తిరుగుతాయి. ప్రక్కప్రక్కనున్న రెండు రోలర్లు ఒకదానికొకటి తగిలినచోట ఒకదాని అంచు పైకి, మరొకదాని అంచు క్రిందికి పోతుంటాయి. అనగా దొర్లుడు కోసం పెట్టిన రోలర్లే ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. వదలిన రాపిడి మరొక దారిన లోపలికి వచ్చినట్లే.

హారిసన్ దీనికి చేసిన పరిష్కారం సులభమైనది. రోలర్లను ఒక చట్రంలో సమాన దూరాలలో బంధించాడు. ఆ చట్రం రోలర్లతోపాటు ఇరుసు చుట్టూ తిరుగుతూ వానిని ఒకదానికొకటి తగలనీయదు. ఈ చట్రాన్నే పంజరం అంటారు. పంజరం బరువును మోయదు, దూరాన్ని మాత్రం కాపాడుతుంది.

హెచ్-1 లోని పెద్ద చక్రాలు చేసే పనిని ఈ చిన్న బేరింగు కొద్దిపాటి స్థలంలో చేయగలిగింది. దీనికి ఎవరూ బహుమతి ప్రకటించలేదు. బోర్డు దీనిని అడగలేదు. హారిసన్ తన అవసరానికి తన పనిగదిలో చేసుకున్న భాగమిది.

నాలుగవ గడియారం

1753లో జాన్ జెఫ్రీస్ అనే నిర్మాత హారిసన్ సూచనల ప్రకారం ఇతని సొంత వాడుకకు ఒక జేబు గడియారం చేసి ఇచ్చాడు. అది ఊహించిన దానికంటె చక్కగా నడిచింది. నెమ్మదిగా ఊగే పెద్ద భాగాలకంటె వేగంగా ఊగే చిన్న చక్రం ఓడ కుదుపులకు తక్కువగా చలిస్తుందని హారిసన్ దీని నుండి గ్రహించాడు. ఇరవై ఏళ్ళకు పైగా నడిచిన దారిని అరవై ఏళ్ళ వయసులో విడిచిపెట్టడానికి ఇతడు వెనుకాడలేదు.

1755లో మొదలై 1759లో పూర్తయిన హెచ్-4 సుమారు 13 సెంటీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర కిలోకు లోపు బరువు గల పెద్ద చేతి గడియారం వంటిది. సెకనుకు ఐదు సార్లు టిక్కుమంటుంది. దీనిలో ఇరుసు మొనలు కెంపులలో తొలిచిన రంధ్రాలలో తిరుగుతాయి. ఎస్కేప్‌మెంట్ తాకిడి భాగాలు వజ్రంతో చేసినవి. ఇంత చిన్న యంత్రంలో రోలర్లకు గాని, రాపిడి తగ్గించే చక్రాలకు గాని చోటు లేదు. అందువలన జీవితమంతా నూనెను దూరం పెట్టిన హారిసన్ ఈ గడియారంలో నూనెను ఒప్పుకొనక తప్పలేదు.

సముద్ర పరీక్షలు

1761 నవంబరులో హెచ్-4 ను డెట్‌ఫర్డ్ నౌకలో జమైకాకు పంపారు. వృద్ధుడైన తండ్రికి బదులు విలియం వెంట వెళ్ళాడు. 1762 జనవరిలో జమైకా చేరిన తరువాత లెక్క చూడగా, గడియారపు రోజువారీ తేడాను సవరించిన మీదట, ప్రయాణమంతటికీ వచ్చిన తప్పు ఐదు సెకన్లు. చట్టం అనుమతించినది రెండు నిమిషాలు. అయినా బోర్డు తృప్తి చెందలేదు. జమైకా రేఖాంశమే సరిగా తెలియదని, ఫలితం కాకతాళీయం కావచ్చునని చెప్పి మరొక పరీక్ష కోరింది.

1764లో టార్టార్ నౌకలో బార్బడోస్‌కు రెండవ ప్రయాణం జరిగింది. 47 రోజులలో తేడా 39.2 సెకన్లు. దూరంలో ఇది 10 మైళ్ళ లోపు. పెద్ద బహుమతికి కావలసిన దానికంటె ఇది మూడు రెట్లు మెరుగైన ఫలితం.

బోర్డుతో వివాదం

ఈ కాలంలోనే రేఖాంశానికి మరొక పద్ధతి సిద్ధమవుతున్నది. చంద్రునికి, నక్షత్రాలకు మధ్య ఉన్న కోణాన్ని కొలిచి, పట్టికల సాయంతో సమయాన్ని లెక్కించడం ఆ పద్ధతి. దీనిని సమర్థించిన నెవిల్ మస్కలైన్ 1765లో రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడుగా నియమితుడై, ఆ హోదాలో బోర్డు సభ్యుడు కూడా అయ్యాడు. అదే సంవత్సరం పార్లమెంటు కొత్త చట్టం చేసింది. గడియారపు రహస్యం వెల్లడిస్తే సగం బహుమతి, ఇతరులు కూడా అటువంటివి చేయగలరని రుజువయితే మిగిలిన సగం ఇస్తామన్నది దాని సారాంశం.

1765 ఆగస్టులో హారిసన్ తన ఇంట నిపుణుల సంఘం ఎదుట హెచ్-4 ను విప్పి, ఒక్కొక్క భాగాన్నీ వివరించాడు. మొదటి సగం లభించింది. 1766లో పెద్ద గడియారాలను కూడా బోర్డు స్వాధీనం చేసుకున్నది. వానిని తరలించేటప్పుడు హెచ్-1 క్రిందపడి దెబ్బతిన్నది. గ్రీనిచ్‌లో మస్కలైన్ హెచ్-4 ను నెలల తరబడి పరీక్షించి, అది నమ్మదగినది కాదని నివేదించాడు. తన పోటీదారే తనకు న్యాయనిర్ణేత కావడం హారిసన్‌ను ఎంతో బాధించింది.

అయితే బోర్డు వాదనను పూర్తిగా త్రోసిపుచ్చలేము. ఒక నిపుణుడు ఏళ్ళ తరబడి శ్రమించి చేసిన ఒకే ఒక గడియారం దేశంలోని ఓడలన్నింటికీ సరిపోదు. చంద్రుని పద్ధతి లెక్క కష్టమైనదే గాని ఖర్చు తక్కువ. అందుచేత గడియారాలు చౌకగా దొరికేవరకు నావికులు అనేక దశాబ్దాలు దానిని కూడా వాడారు. బోర్డు ఆజ్ఞ మేరకు లార్కమ్ కెండాల్ 1769లో హెచ్-4 కు నకలు పూర్తిచేశాడు. కె-1 అనే ఈ గడియారాన్ని కెప్టెన్ జేమ్స్ కుక్ తన రెండవ సముద్రయానంలో (1772 – 1775) వాడి ఎంతగానో మెచ్చుకున్నాడు.

రాజు జోక్యం, చివరి రోజులు

మరి రెండు గడియారాలు తానే చేసి చూపాలని బోర్డు హారిసన్‌ను కోరింది. అప్పటికి ఇతని వయసు డెబ్బై దాటింది, చూపు మందగించింది. కుమారునితో కలిసి హెచ్-5 ఒక్కటే పూర్తిచేయగలిగాడు. 1772లో విలియం మూడవ జార్జి రాజును ఆశ్రయించాడు. రాజు తన సొంత వేధశాలలో పది వారాల పాటు హెచ్-5 ను స్వయంగా పరీక్షించాడు. తేడా సగటున రోజుకు సెకనులో మూడవ వంతు లోపుగా తేలింది. రాజు మద్దతుతో హారిసన్ పార్లమెంటుకు విజ్ఞప్తి చేసుకున్నాడు. 1773లో పార్లమెంటు ఇతనికి 8,750 పౌండ్లు మంజూరు చేసింది. అప్పటికి ఇతని వయసు 80 సంవత్సరాలు. విడతలవారీగా ముట్టిన సొమ్ము మొత్తం మీద ప్రకటించిన బహుమతిని మించింది. కాని రేఖాంశ బహుమతి గెలిచినవాడనే ప్రకటన బోర్డు నుండి ఎన్నడూ వెలువడలేదు.

1776 మార్చి 24న, తన పుట్టిన తేదీనాడే, హారిసన్ లండన్‌లోని రెడ్ లయన్ స్క్వేర్‌లోని స్వగృహంలో మరణించాడు. హాంప్‌స్టెడ్‌లోని సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఇతని సమాధి కలదు.

హారిసన్ తరువాత బేరింగు

ఇంగ్లాండులో జాన్ ఆర్నాల్డ్, థామస్ ఎర్న్‌షా మొదలైనవారు సముద్ర గడియారాలను సులభంగా, చౌకగా తయారుచేయసాగారు. 1831లో బయలుదేరిన బీగిల్ నౌకలో 22 గడియారాలు ఉన్నాయి.

బేరింగు కథ వేరుగా సాగింది. 1794లో వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసుకు లోహపు గుండ్లను అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. సైకిళ్ళు వచ్చిన తరువాత బాల్ బేరింగులకు గిరాకీ పెరిగింది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గుండ్లను ఒకే పరిమాణంలో గుండ్రంగా అరగదీసే యంత్రాన్ని తయారుచేశాడు. 1907లో స్వీడన్ ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ ఇరుసు కొద్దిగా వంకరపోయినా తనంతట తాను సర్దుకొనే బాల్ బేరింగును రూపొందించాడు. రోలరు స్థానంలో గుండు వచ్చినా, చేతిపని స్థానంలో యంత్రం వచ్చినా, వానిని విడదీసి ఉంచే పంజరం మాత్రం నిలిచింది.

నేటి చిన్న కీళ్ళలో

నేడు విద్యార్థులు ఇంటివద్ద రోబో చేయి తయారుచేసేటప్పుడు కీలు వద్ద చిన్న బాల్ బేరింగులను వాడుతున్నారు. 608 అనే సంఖ్య గల బేరింగు వీనిలో బాగా వాడుకలో ఉన్నది. దాని లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22 మి.మీ., మందం 7 మి.మీ. దానిని అమర్చడంలో పాటించవలసిన నియమాలు హారిసన్ ఎదుర్కొన్న సమస్యలనే గుర్తుకు తెస్తాయి.

బేరింగును బిగుతుగా దిగగొట్టేటప్పుడు ఏ వలయం బిగుతుగా కూర్చోవాలో దానిమీదనే ఒత్తిడి పెట్టాలి. ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి వలయాన్ని, గూటిలోకి దించేటప్పుడు బయటి వలయాన్ని నొక్కాలి. తప్పు వలయాన్ని నొక్కితే ఆ బలం గుండ్ల గుండా పోయి, అవి దొర్లే దారిలో సొట్టలు పడతాయి. అప్పటి నుండి కీలు గరగరలాడుతుంది. ప్లాస్టిక్‌తో అచ్చువేసిన గూడు తరచుగా అనుకున్న కొలతకంటె కొంచెం ఇరుకుగా వస్తుంది కాబట్టి ముందుగా చిన్న ముక్కపై సరిచూసుకోవడం మంచిది.

ఒక్క బేరింగు మీద చేయి నిలబడదు, ప్రక్కలకు ఊగుతుంది. రెండింటిని ఎడంగా అమర్చాలి. ఉదాహరణకు రెండు బేరింగులు 20 మి.మీ. దూరంలో ఉండి, వాని వద్ద 0.1 మి.మీ. వదులు ఉన్నదనుకొందాము. 300 మి.మీ. పొడవు గల చేతి కొసన అది 1.5 మి.మీ. కదలికగా కనబడుతుంది. దూరాన్ని 40 మి.మీ. చేస్తే కదలిక సగమవుతుంది. రెండు బేరింగుల లోపలి వలయాల మధ్య ఒక చిన్న గొట్టపు ముక్కను ఉంచి, బోల్టును మెల్లగా బిగిస్తే మిగిలిన వదులు పోతుంది. ప్రక్కన వేసే వాషరు లోపలి వలయాన్ని మాత్రమే తాకాలి, బయటి వలయానికి రాసుకోకూడదు. అతిగా బిగిస్తే గుండ్లు నలిగి రాపిడి పెరుగుతుంది. వదులుకు, బిగుతుకు నడుమ సరియైన చోటు చేతికి తెలియాలి. గ్రహించవలసినదేమంటే, ఈ చిన్న బేరింగులో కూడా కొద్దిగా గ్రీజు ఉంటుంది. హారిసన్ కోరిన నూనె లేని యంత్రం నేటికీ అన్నిచోట్లా సాధ్యం కాలేదు.

విశేషాలు

హారిసన్ సముద్ర గడియారాలు గ్రీనిచ్‌లో శిథిలావస్థలో పడి ఉండగా, 1920 నుండి రూపర్ట్ గౌల్డ్ అనే నౌకాదళ అధికారి వానిని శుభ్రపరచి బాగుచేశాడు. హెచ్-1 పని 1933లో పూర్తయినది.

నూనె అక్కరలేని మొదటి మూడు గడియారాలను గ్రీనిచ్‌లో నడుపుతూ వచ్చారు. బహుమతి ఫలితాన్ని సాధించిన హెచ్-4 ను మాత్రం, నూనె వలన భాగాలు అరుగుతాయని, నడపకుండా భద్రపరచారు.

నెవిల్ మస్కలైన్ చెల్లెలు మార్గరెట్‌ను రాబర్ట్ క్లైవ్ 1753లో మద్రాసులో వివాహం చేసుకున్నాడు.

100 రోజులలో ఒక సెకను లోపు తేడా గల లోలక గడియారం చేయవచ్చునని 1775లో ప్రచురించిన గ్రంథంలో హారిసన్ వ్రాశాడు. ఆనాడు దానిని చాలామంది హేళన చేశారు. ఇతని పద్ధతిలో మార్టిన్ బర్జెస్ రూపొందించిన గడియారాన్ని 2015లో గ్రీనిచ్‌లో 100 రోజులు మూసి ఉంచి పరీక్షించగా, తేడా ఒక సెకనుకు లోపే ఉన్నది.

2006 మార్చి 24న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో హారిసన్ స్మారక ఫలకాన్ని ఆవిష్కరించారు. దానిపై రెండు లోహాలతో చేసిన రేఖాంశపు గీత కలదు.